అరిసెల పళ్లెం



డిసెంబరు నెల రాగానే మన పేటల్లో వాసన మారుతుంది. మీరు గమనించే ఉంటారు. అప్పటివరకు సాయంకాలం వేళ వచ్చేది తాలింపు వాసన, ఎండుచేపలు కాల్చిన వాసన. రెండో వారం దాటిందంటే బెల్లం పాకం వాసన మొదలవుతుంది. ఒక ఇంట్లో పొయ్యి మీద బాణలి ఎక్కితే ఆ వీధి పిల్లలందరూ ఆ వాకిట్లోనే ఉంటారు. వెదురు గడకు స్టారు కట్టేవారు ఒకవైపు, గోడలకు సున్నం వేసేవారు ఒకవైపు, రాత్రి కేరల్స్‌కు డప్పులు కాచుకునే యవ్వనస్థులు ఒకవైపు.

నేను సేవ చేస్తున్న ఊరు రేపల్లెకు దగ్గరలో, కృష్ణా పశ్చిమ డెల్టా కాలువల కింద ఉంది. పూర్వం గుంటూరు జిల్లా, 2022 నుండి బాపట్ల జిల్లా. ఊరికీ మా క్రైస్తవ పేటకీ మధ్య ఒక పంటకాలువ ఉంది, దాని మీద ఒక తూము ఉంది. పిల్లలు ఆ తూము దాటి బడికి వెళ్తారు, పెద్దలు ఆ తూము దాటి కూలికి వెళ్తారు. నేను చెప్పబోయేది ఆ తూము దాటే ఒక పళ్లెం సంగతి.

ముందుగా మామూలు రోజుల వంట గురించి రెండు మాటలు. వరికోతల కాలంలో మా పేట స్త్రీలు తెల్లవారుజామున నాలుగు గంటలకే లేస్తారు. ఒక పొయ్యి మీద అన్నం, ఇంకో పొయ్యి మీద కూర. ఈ నెలలో చిక్కుడు పాదులు కాపు మీద ఉంటాయి గనుక ఎక్కువగా చిక్కుడుకాయ కూర, లేకపోతే గోంగూర పచ్చడి, వంకాయలో నాలుగు ఎండురొయ్యలు. రాత్రి మిగిలిన అన్నంలో మజ్జిగ పోసుకొని, ఉల్లిపాయ నంజుకొని తిని, క్యారేజీ కట్టుకొని ఆరు గంటలకల్లా బయలుదేరతారు. సాయంత్రం వచ్చి మళ్లీ పొయ్యి వెలిగించాలి. పిండివంటలు చేసేది కూడా ఈ చేతులే, ఈ అలసటతోనే, రాత్రి ఎనిమిది తొమ్మిది గంటల తర్వాత. మన ప్రసంగాలలో మరియను పొగడడానికి మార్తను కాస్త తక్కువ చేసి మాట్లాడతాము. నేనూ మాట్లాడాను. క్రిస్మస్ ముందు ఒక వారం మా పేటలో ఉన్నవారెవరైనా ఆ ప్రసంగాన్ని కొంచెం మెత్తబరుచుకుంటారు.

మా సంఘంలో డెబ్బై ఏళ్లు దాటిన ఒక మామ్మ ఉన్నది. పాకం పట్టడంలో పేట మొత్తానికి ఆమె మాటే మాట. అరిసెకు బియ్యం ఒక పగలూ ఒక రాత్రీ నానాలి, మధ్యలో నీళ్లు మార్చాలి, లేకపోతే పులిసిన వాసన వస్తుంది. వడకట్టి, పాత పంచె మీద పరచి, చెమ్మ పూర్తిగా ఆరకముందే పిండి పట్టించాలి. గుప్పెట్లో నొక్కితే ముద్దగా నిలబడాలి. నా చిన్నతనంలో ఇద్దరు స్త్రీలు రోటికి ఎదురెదురుగా నిలబడి, ఒకరి పోటు మీద ఒకరు రోకలి వేస్తుంటే ఆ చప్పుడుకే మాకు నిద్ర పట్టేది కాదు. ఇప్పుడు మర ఉన్నది, పది నిమిషాల పని. మామ్మకు మాత్రం మర పిండి నచ్చదు, వేడెక్కిపోతుందంటుంది. కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం. పాకం ఉడుకుతుండగా పళ్లెంలో చన్నీళ్లు పోసి, అందులో ఒక బొట్టు వేసి వేలితో దగ్గరకు తీస్తే కరిగిపోకుండా మెత్తని ఉండగా చేతికి రావాలి. అంతకంటే లేతగా ఉంటే నూనెలో అరిసె విచ్చిపోతుంది. ముదిరితే పళ్లు ఊడతాయి. ఈ రెంటి మధ్య ఉండేది ఒకటి రెండు నిమిషాలే. ఆ సమయంలో మామ్మ ఎవరితోనూ మాట్లాడదు. ఒకసారి నేను వెళ్లిన వేళ అదే జరుగుతున్నది. “మామ్మా, ప్రార్థన చేసుకుందామా?” అన్నాను. “దించాక, అయ్యగారూ” అన్నది.

అది దించాక పిండి కొద్దికొద్దిగా పోస్తూ తెడ్డుతో కలపడం, నువ్వులు అద్ది ఆకు మీద తట్టడం, నూనెలో పొంగగానే తీసి అరిసెల చెక్కల మధ్య నొక్కడం, ఇదంతా చుట్టుపక్కల వాళ్లు అందుకుంటారు. జంతికలు, గవ్వలు, కజ్జికాయలు ఎవరి ఓపికను బట్టి వారు చేసుకుంటారు. గులాబీ పువ్వులు చేసే ఇనుప అచ్చులు పేట మొత్తానికి రెండే ఉన్నాయి. నెలంతా అవి ఇల్లిల్లూ తిరుగుతాయి. ఏ ఇంట్లో ఉన్నదో తెలియక వెతుక్కోవడం కూడా పండుగలో భాగమే.

కేకు సంగతి వేరు. మిషను బంగళాల్లో వంట చేసిన మనవాళ్ల ద్వారానే అది మన ఇళ్లకు వచ్చిందని మా పెద్దలు చెప్పేవారు. 1841లో ఫాక్సు, నోబుల్ దొరలు బందరుకు, 1842లో హయ్యరు దొరగారు గుంటూరుకు వచ్చిన నాటినుండి దొరల వంటగదుల్లో మనవాళ్ల చేతులు ఉన్నాయి గదా. కాని మన ఇళ్లలో ఓవెను ఎక్కడిది? మా ఇంట్లో మా శ్రీమతి కేకు చేసేది ఇసుక మీద. పెద్ద దేకిసాలో మూడు వేళ్ల మందాన కాలువ ఇసుక పోసి, బాగా వేడెక్కాక, మధ్యలో చిన్న ఇటుక ముక్క పెట్టి, దాని మీద కేకు గిన్నె దించి, మూత వేసి, ఆ మూత మీద నిప్పులు పోస్తుంది. క్రింద సెగ, పైన సెగ. గంట సేపు మూత తీయకూడదు. మొదటి సంవత్సరం నేను ఆగలేక రెండుసార్లు తీసి చూశాను. అంచులు మాడి, నడుమ పచ్చిగా మిగిలింది. ఆ కేకును సంఘపెద్దలు మర్యాదగా తిన్నారు. అప్పటినుండి కేకు పొయ్యి మీద ఉన్నంతసేపు నన్ను ఇంటి బయటే ఉంచుతున్నారు.

ఇక పళ్లెం సంగతి. నాకు ఎనిమిదేళ్లుంటాయి. మాది ఈ ఊరు కాదు, ఇలాంటిదే ఇంకొక డెల్టా ఊరు. క్రిస్మస్ మరునాడు మా అమ్మ స్టీలు పళ్లెంలో పది అరిసెలు, గుప్పెడు జంతికలు సర్ది, ఉతికిన గుడ్డ కప్పి, తాను పని చేసే రైతు ఇంటికి బయలుదేరింది. నేను వెంట వెళ్లాను. ఆ ఇంటి దొడ్లోకి వెళ్లి నిలబడ్డాము. ఆ ఇల్లాలు మంచిదే. “పండుగ బాగా చేసుకున్నారా?” అని నవ్వుతూ అడిగింది. “ఆ అరుగు మీద పెట్టు” అన్నది. మా అమ్మ అరుగు మీద కాగితం పరచి అరిసెలు పెట్టి, ఖాళీ పళ్లెం తీసుకొన్నది. సాయంత్రం ఆ ఇంటి గేదెలకు గడ్డి వేయడానికి మా నాన్నతో వెళ్లినప్పుడు కుడితి తొట్టిలో నువ్వులు అద్దిన అరిసె ఒకటి తేలుతూ కనబడింది. నేను ఇంటికి వచ్చి అమ్మతో ఏమీ చెప్పలేదు. ఆమె మరుసటి సంవత్సరం కూడా పళ్లెం సర్దింది. తెలిసే సర్దిందని నాకు ఇప్పుడు అనిపిస్తుంది.

వేదాంత విద్య ముగించి ఈ ఊరికి వచ్చాక నేను ఒక తెలివైన పద్ధతి పెట్టుకొన్నాను. క్రిస్మస్‌కు ఊళ్లో పెద్దలకు, బడి పంతుళ్లకు, వైద్యుడికి, పోస్టుమాస్టరుకు బేకరీ కేకులు పంపేవాణ్ణి. రంగుల అట్టపెట్టె, పైన రిబ్బను. వాటిని అందరూ తీసుకొంటారు, లోపలికి తీసుకువెళ్తారు, పిల్లలు తింటారు. బేకరీలో దానిని కలిపిందెవరో, కాల్చిందెవరో ఎవరూ అడగరు. మన స్త్రీలు రాత్రంతా మేలుకొని చేసినది తూము దాటదు గాని, డబ్బు పెట్టి కొన్న పెట్టె దాటుతుంది. ఇది సాక్ష్యమని, మర్యాదని, సత్సంబంధమని నాకు నేను చెప్పుకొన్నాను. నిజానికి అది భయం. మళ్లీ ఒక అరుగు మీద నిలబడడం నాకు ఇష్టం లేదు.

ఈ సంగతి నాకు తలశ్శేరిలో తెలిసింది. ఎలాగంటే, మా సంఘస్థుడొకరి కుమార్తె కేరళలో కన్నూరు వైపు నర్సింగు చదువుతున్నది. 2023 నవంబరు చివర ఆమెను చూసి, ఫీజు కట్టి రావలసి వచ్చింది. తండ్రికి తెలుగు తప్ప ఇంకో మాట రాదు. అయ్యగారూ, మీరు కూడా రండి అంటే వెళ్లాను. వెంట ఒక రేకు డబ్బా నిండా సున్నుండలు, జంతికలు. తెనాలిలో రైలెక్కి, మద్రాసులో దిగి, సాయంత్రం మంగళూరు మెయిలు ఎక్కాము. తెల్లవారేసరికి రైలు కొబ్బరితోటల మధ్య ఉన్నది. కోళికోడు, వడకర దాటాక మాహె అనే చిన్న స్టేషను వచ్చింది. మన యానాము ఎలాగో మాహె కూడా అలాగే ఒకప్పుడు ఫ్రెంచివారిది, ఇప్పుడు పుదుచ్చేరి క్రిందిది. చుట్టూ కేరళ, నడుమ ఈ ముక్క. ఆ తర్వాతిదే తలశ్శేరి.

సముద్రపు ఒడ్డున పాత ఊరు. కేకు, క్రికెట్టు, సర్కసు, ఈ మూడింటికీ పేరట. గుండర్టు అనే జర్మనీ మిషనరీ 1839 నుండి చాలాకాలం ఇక్కడ ఇల్లిక్కున్ను అనే కొండ మీద బంగళాలో ఉండి మలయాళ భాషకు పని చేశాడు. ఆయన నిఘంటువు 1872లో వచ్చింది. సముద్రం ప్రక్కనే 1869 నాటి ఆంగ్లికను గుడి ఒకటి ఉన్నది. మాకు బస ఇచ్చిన పాస్టరుగారు ఇవన్నీ తిప్పి చూపించి, చివరికి ఒక బేకరీ ముందు నిలబెట్టి ఈ కథ చెప్పారు.

మంబళ్లి బాపు అనే ఆయన బర్మాలో బిస్కెట్లు చేయడం నేర్చుకొని వచ్చి, 1880లో తలశ్శేరిలో రాయల్ బిస్కెట్ ఫ్యాక్టరీ పెట్టాడు. 1883లో క్రిస్మస్‌కు ముందు, దగ్గరలోని అంజరకండి అనే చోట దాల్చినచెక్క తోట నడిపే మర్డాక్ బ్రౌను దొర ఒక ప్లము కేకు తెచ్చి రుచి చూపించి, ఇలాంటిది చేయగలవా అని అడిగాడు. (ఈయన మన నిఘంటువు బ్రౌను దొర కాదు.) ఖర్జూరాలు, ఎండుద్రాక్ష వంటివి ఇచ్చి, మాహె నుండి ఫ్రెంచి బ్రాందీ తెచ్చి అందులో వేయమన్నాడు. బాపు ఊళ్లో కమ్మరి చేత మూస పోయించుకొని, బ్రాందీకి బదులు జీడిమామిడి పండ్లూ అరటిపండ్లూ పులియబెట్టిన నాటు సరుకు వేసి కేకు కాల్చాడు. దొర తిని, చాలా బాగున్నదని ఇంకో డజను పురమాయించాడు. మన దేశంలో మనవాడు చేసిన మొదటి క్రిస్మస్ కేకు అదేనని ఆ కుటుంబంవారు చెబుతారు. వారి వంశంవారు నేటికీ బేకరీలు నడుపుతున్నారు. (సారా సంగతి చదివి సంఘపెద్దలు కంగారుపడవద్దు. మా ఇంట్లో ఎండుద్రాక్షను నారింజరసంలోనే నానబెడతాము.)

అంతా విని నేను అడిగాను, “బాపు క్రైస్తవుడా?” “కాదు, హిందువు” అన్నారు పాస్టరుగారు, అందులో అడగవలసిందేమున్నదన్నట్టు.

నాకు అక్కడే కాళ్లు ఆగిపోయాయి. క్రీస్తు జన్మదినానికి బల్ల మీదికి వెళ్లిన ఆ కేకును చేసినది క్రైస్తవుడు కాని చెయ్యి. ఆ దొర చెయ్యి ఎవరిదని చూడలేదు, రుచి చూశాడు. దొర కనుక కులం పట్టింపు లేదులే అనుకోవచ్చు. కాని దొరల బల్ల దగ్గర కూడా మనవాడు వండడానికి తగినవాడే గాని కూర్చోడానికి తగినవాడు కానట్లు నడిచిన రోజులు ఉన్నాయి. తర్వాత దోర్నకల్లు బిషప్పు అయిన అజరయ్యగారు 1910లో ఎడింబరో మహాసభలో నిలబడి మిషనరీలను అడిగినది దీని గురించే. మీరు మాకోసం ఎంతో త్యాగం చేశారు, మాకు స్నేహాన్ని కూడా ఇవ్వండి అని ఆయన భావం. అందుచేత దొరను పొగడడం నా ఉద్దేశం కాదు. బాపు చేసినది బాపు చేసినదిగానే బల్ల మీదికి వెళ్లింది, చేసినవాడి పేరు ఈనాటికీ ఉన్నది. నేను మాత్రం మా మామ్మ చేసినదాన్ని ఇంట్లో దాచి, పేరులేని పెట్టెను పంపుతున్నాను.

ఆ సాయంకాలం హాస్టలు దగ్గర మా అమ్మాయి డబ్బా మూత తీసీ తీయకముందే ఏడెనిమిది మంది పిల్లలు చుట్టూ చేరారు. ఎవరిది ఏ ఊరో, ఏ మతమో తెలియదు. సున్నుండలు అయిదు నిమిషాల్లో అయిపోయాయి. ఒకమ్మాయి తన గదిలో నుండి అచ్చప్పం అని తెచ్చి మాకు పెట్టింది. చూస్తే మన గులాబీ పువ్వే! అదే అచ్చు, అదే ఆకారం, కొబ్బరిపాల రుచి ఒక్కటే తేడా. అమ్మాయి తండ్రి దాన్ని అటూఇటూ త్రిప్పి చూసి, “మన అచ్చు ఇక్కడికెట్లా వచ్చింది అయ్యగారూ” అన్నాడు. ఆ ప్రయాణమంతటిలో ఆయన నవ్వినది అప్పుడే.

డిసెంబరు 1 రాత్రికి తెనాలి చేరాము. డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ సంగతి మన జిల్లాలవారికి నేను వర్ణించనక్కరలేదు. కోసి పనల మీద ఉన్న వరి నీళ్లలో తేలింది, కోయనిది పడిపోయింది. నీళ్లు తీసేసరికి కంకుల మీదే మొలకలు వచ్చాయి. ఊరివారి కష్టం అలా ఉంటే, పేటలో కూలి లేదు, కొన్ని ఇళ్ల పైకప్పు రేకులు లేచిపోయాయి. తర్వాత వారం నుండి పడిపోయిన చేలల్లో కోత మిషను దిగలేక, రైతులు పేటకు వచ్చి కొడవళ్లు పట్టేవాళ్లు కావాలని బ్రతిమాలారు. బురదలో మోకాళ్లలోతు నిలబడి మన స్త్రీలు కోశారు. తడిసిన గింజ రంగు మారింది. కొత్తబియ్యం అన్న మాటే ఆ యేడు లేదు.

నేను ఆదివారం ఆరాధన తర్వాత చెప్పాను. ఈ సంవత్సరం పిండివంటలు మానుకుందాం, ఆ డబ్బు రేకులు పోయినవారికి ఇద్దాం, సాదాగా ఆరాధన చేసుకుందాం అన్నాను. అందరూ తలలు ఊపారు. మామ్మ ఊపలేదు. బయటికి వచ్చాక నన్ను పట్టుకొన్నది. “రేకులకు ఇవ్వండి అయ్యగారూ, ఎవరు వద్దన్నారు? పిల్లల నోట్లో తీపి పెట్టకుండా పుట్టినరోజేంటి? రేషను బియ్యం ఉన్నాయిగా. నిజానికి అరిసెకు అవే మంచివి.” వంటలో ఆమెతో వాదించేవారు లేరు. నేనూ వాదించలేదు.

అలా స్త్రీల సమాజంవారు ఒక నిర్ణయం చేశారు. ఎవరి ఇంట్లో వారు కాకుండా, మందిరం ఆవరణలో ఒకే పొయ్యి మీద అందరికీ చేయడం. ఇంటికి కిలో చొప్పున ముప్పై ఆరు ఇళ్ల బియ్యం. బెల్లం ఇరవై ఏడు కిలోలు, దానికి, నూనెకు సంఘపు డబ్బు. ఇక్కడే ఒక చిక్కు వచ్చింది. మా సంఘంలో రెండు పేటల వారున్నారు. ఒకే బల్లలో పాలుపొందుతాము, ఒకే గిన్నెలో త్రాగుతాము. కాని ఒక పేటవారు తట్టిన అరిసె ఇంకొక పేటవారు తినడమనేది పెద్దగా జరగలేదు. ఎవరూ పైకి అనరు. “మా ఇంట్లో చేసుకున్నాంలే” అంటారు. ఊరివారి అరుగు గురించి బాధపడే మనకు మన అరుగు కనబడదు.

ఆ వారం నేను గలతీ పత్రిక రెండవ అధ్యాయం తీసుకొన్నాను. పేతురు అంతియొకయలో అన్యజనులతో కలిసి భోజనం చేసేవాడు, యెరూషలేము నుండి కొందరు రాగానే మెల్లగా వెనక్కి తగ్గాడు. పౌలు అందరి ఎదుట ఆయనను నిలదీశాడు. గొప్ప అపొస్తలుడు ఒక భోజనపు బల్ల దగ్గర తప్పిపోయాడు. ప్రసంగంలో పేతురు పేరు వచ్చిన ప్రతిచోటా నా పేరు పెట్టుకొని, బేకరీ పెట్టెల సంగతి, కుడితి తొట్టి సంగతి సంఘం ముందు చెప్పాను. ఇరవై ఏళ్ల సేవలో చెప్పనిది. మా శ్రీమతికి కూడా తొట్టి సంగతి ఆ రోజే తెలిసింది.

డిసెంబరు 21 రాత్రి పొయ్యి పెట్టారు. రెండు పేటల స్త్రీలూ వచ్చారు. కొందరు రాలేదు. పాకం దగ్గర మామ్మ, పిండి పోసేది అవతలి పేట కోడలు ఒకతె. తెడ్డు తిప్పేది యవ్వనస్థులు, అంత చలిమిడి కలపడం స్త్రీల చేతుల వల్ల అయ్యే పని కాదు. కట్టెలు ఇంకా తడిగానే ఉన్నాయి, పొగకు అందరి కళ్లూ ఎర్రబడ్డాయి. రెండో బాణలి పాకం కొంచెం ముదిరింది. మామ్మ అది తన తప్పని ఒప్పుకోలేదు, కట్టెల తప్పన్నది. తెల్లవారేసరికి వెదురు బుట్టల్లో పన్నెండు వందలకు పైగా అరిసెలు. ఇంటికి ఇరవై అయిదు చొప్పున పంచాము. రెండు ఇళ్లవారు తీసుకొని వెళ్లి తినలేదని నాకు తర్వాత తెలిసింది. పిల్లలు మాత్రం తిన్నారట, పెద్దలు చూడకుండా.

మిగిలినవి మూడు వందలు. ఊళ్లోకి ముప్పై పళ్లెములు. ఆ యేడు బేకరీ పెట్టె ఒక్కటి కూడా కొనలేదు.

క్రిస్మస్ సోమవారం వచ్చింది. మంగళవారం ఉదయం నేను, సంఘపెద్ద ఒకరు, నలుగురు యవ్వనస్థులు తూము దాటాము. నా చేతిలో పళ్లెం కొంచెం వణికింది, దాచడమెందుకు. జరిగినది ఉన్నది ఉన్నట్టు చెబుతాను. ఎక్కువ ఇళ్లలో లోపలినుండి గిన్నె తెచ్చి అందులో పెట్టించుకొన్నారు. తర్వాత ఏమి చేశారో నాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు. అయిదారు ఇళ్లలో అరుగే. ఒక ఇంట్లో చిన్నపిల్లవాడు బయటికి వచ్చి పళ్లెం చూసి, “కేకు తేలేదా?” అని ఏడుపు మొహం పెట్టాడు. పోస్టుమాస్టరుగారు నిలబడే రెండు తిని, ఇన్నాళ్లూ ఆ కేకులు ఎందుకిచ్చారండీ అన్నారు.

చివరి ఇల్లు కాలువ గట్టు మీద ఉన్న ఒక ముసలి రైతుది. ఆయన నాలుగెకరాలూ మునిగిపోయాయి. కోత సమయంలో మా స్త్రీలు ఆయన చేలోనే ఎక్కువ రోజులు పని చేశారు. వాకిట్లో టార్పాలిను మీద తడిసిన ధాన్యం ఆరబోసి ఉన్నది, నల్లబడి, మొలకెత్తి. ఆయన భార్య దాని ప్రక్కన కూర్చొని చేతితో గింజలు త్రిప్పుతున్నది. “ఈ యేడు మాకు పండుగల్లేవు పాస్టరుగారూ, సంక్రాంతికి కూడా ఏమీ చేయం” అన్నది. నేను ఏమి మాట్లాడాలో తెలియక పళ్లెం మీది గుడ్డ తీశాను. ఆమె చెయ్యి చీరకు తుడుచుకొని, ఒక అరిసె తీసి, సగం విరిచి ఆయనకిచ్చి, మిగతా సగం అక్కడే, ఆ ధాన్యం ప్రక్కనే, నెమ్మదిగా తిన్నది. ఆమెకు పళ్లు సరిగా లేవు. అయ్యేవరకు మేము నిలబడి ఉన్నాము.

“పాకం ఎవరు పట్టారు?” అని అడిగింది. చెప్పాను. “నాకు తెలుసు ఆమె. మా పెళ్లైన కొత్తలో మా చేలో నాట్లు వేసింది” అన్నది. లోపలికి వెళ్లి పళ్లెం కడిగి, అందులో ఒక చిన్న గుమ్మడికాయ పెట్టి తెచ్చింది. “ఖాళీ పళ్లెం పంపకూడదు. ఇంట్లో ఇంకేం లేవు.”

గుమ్మడికాయ తీసుకొని తిన్నగా మామ్మ ఇంటికి వెళ్లాను. ఆమె నులకమంచం మీద కూర్చొని ఉన్నది. జరిగినదంతా చెప్పాను. అరుగుల సంగతి, పోస్టుమాస్టరుగారి సంగతి, రైతు భార్య అక్కడే కూర్చొని తిన్న సంగతి. అంతా విని కొంచెంసేపు ఊరుకొన్నది.

“వాళ్లింటికి పోయినవి ఏ బాణలివి అయ్యగారూ? రెండోదానివి గాదు గదా? ఆమెకు పళ్లు లేవు.”